స్వస్థత నొందని పుణ్యదంపతులు

గత సంవత్సరము వేసవి సెలవులలో మా తోడికోడలు మా యింటికి వచ్చి నెలదినము లుండెను. ఆమె మాకంటె పదియేండ్లు పెద్దది. మేము ఆమెను అక్కయ్య యనియే పిలుతుము. వచ్చిన మరునాడే తన ప్రార్థనపుస్తకమునుండి యొక చిన్న పటమును తీసి, మా యింటి మరియమాత స్వరూపము ప్రక్కన నిలిపెను. పటమున తెల్లని గడ్డముగల యొక పెద్దమనుష్యుడును, మెడచుట్టును లేసుపట్టీ ధరించిన యొక యిల్లాలును నుండిరి. వెనుకప్రక్క తొమ్మిది దినములు చెప్పవలసిన ప్రార్థన అచ్చువేయబడి యుండెను.

"వీరెవరక్కయ్యా?" యని యడిగితిమి.

"చిన్న తెరేజమ్మగారి తల్లిదండ్రులు. రోగులకొరకు వేడుకొందురట. నాతోకూడ తొమ్మిదినాళ్లు చెప్పవమ్మా చెల్లీ."

ఎవరికొరకని మే మడుగలేదు, ఆమె చెప్పలేదు. బావగారి మోకాళ్లనొప్పులకొరకు గాబోలు ననుకొంటిమి.

ఈ పత్రిక చదువు సోదరీమణులలో మా మతస్థులు కానివారే యెక్కువ గనుక నిచ్చట నొక మాట చెప్పవలెను. కథోలికులమైన మేము పునీతులను దేవుళ్లుగా నారాధింపము. మామగారిని నేరుగా నడుగుటకు జంకు చిన్నకోడలు ఇంటిలోని పెద్దామెచేత నొక మాట చెప్పించుకొనునట్లు, దేవుని సన్నిధి నున్న పుణ్యాత్ములను మాకొరకు వేడుడని యడుగుదుము. ఇచ్చువాడు దేవుడే. తొమ్మిది దినముల నియమము మాత్రము, క్రీస్తు మోక్షారోహణము చేసిన పిదప మరియమాతయు శిష్యులును పవిత్రాత్మకై కనిపెట్టుకొని ప్రార్థించిన దినములనుబట్టి వచ్చినదని పెద్దలు చెప్పుదురు.

ఈ దంపతుల యుత్తరములు ఆంగ్లమున అచ్చై యున్నవి. మావారు విచారణ గురువుగారివద్ద ఆ పుస్తకము నెరవు తెచ్చి, రాత్రి ప్రార్థన ముగిసిన పిమ్మట కొంచెము కొంచెముగా చదివి మాకర్థము చెప్పుచుండిరి. అట్లు విన్న సంగతులే యిచ్చట వ్రాయుచున్నాము.

భర్త పేరు లూయీ మార్తిన్. 1823లో ఫ్రాన్సుదేశమున బోర్డో నగరమున జన్మించెను. గడియారములు చేయుట, బాగుచేయుట ఆయన వృత్తి. భార్య జేలీ 1831లో పుట్టెను. పెండ్లికి ముందే యామె అలాంసోను పట్టణమున లేసు వ్యాపారము పెట్టి, తన కాళ్లపై తాను నిలిచిన స్త్రీ. మన నరసాపురపు లేసు కొక్కెపుసూదితో అల్లునది గదా. అలాంసోను లేసు అట్టిది కాదు. అది నారదారముతో, కుట్టుసూదితో, కుట్టుమీద కుట్టుగా పుట్టించునది. చదరపు సెంటీమీటరు లేసునకు ఏడు గంటల పని పట్టునట! 2010లో యునెస్కోవారు ఈ విద్యను మానవాళి వారసత్వపు పట్టికలో చేర్చిరి. ఒక్కొక్క పనికత్తె ఒక్కొక్క తునకను తన యింటనే కుట్టి, గురువారమున జేలీకి తెచ్చి యిచ్చెడిది. ఆ తునకలను అతుకు కనబడకుండ కూర్చుటయే జేలీ పని. ఈ భాగము చదివిననాడు అక్కయ్య తన కుట్టుపని ప్రక్కన బెట్టి, "అతుకు కనబడకుండనా!" యని రెండుమార్లు అనెను.

వీరిరువురును మొదట సన్న్యాసమునే కోరినవారు. ఇరువురికిని మఠప్రవేశము లభింపలేదు. 1858 జులై 13వ తేదీ నడిరేయి వీరి వివాహము జరిగెను. తొమ్మిదిమంది సంతానము కలిగిరి. వారిలో నలుగురు చిన్నతనముననే పోయిరి. మిగిలిన యైదుగురు కుమార్తెలును మఠకన్యలైరి. కడపటి బిడ్డయే 1873లో జన్మించిన తెరేజమ్మ. లోకమంతయు నెరిగిన లిసియో తెరేజమ్మ.

బిడ్డలు పోయిన తల్లి ప్రార్థన యెట్లుండునో జేలీ యుత్తరములలో చూడవలెను. ఎలేన్ అను కుమార్తెకు చెవిలో చీము కారు వ్యాధి. వైద్యులవలన కాలేదు. అప్పుడు జేలీ, పసితనమున పోయిన తన కొడుకు జోసెఫునే తలచుకొని, నీ చెల్లికొరకు—కాదు, ఆ పిల్ల వానికి అక్క—నీ యక్కకొరకు దేవు నడుగుమని వేడెను. మరునాటికి చెవి ఆరెను. ఆమె యది స్వస్థతయనియే నమ్మెను. ఆ యెలేనే 1870లో అయిదేండ్ల ప్రాయమున మరణించెను! ఈ రెండు సంగతులను ఆ తల్లి తన యుత్తరములలో దాపరికము లేకుండ వ్రాసికొన్నది.

తెరేజమ్మ రెండు నెలల శిశువుగా నున్నప్పుడు ప్రాణము పోవునట్టి స్థితి వచ్చెను. జేలీకి చనుబాలిచ్చు శక్తి లేదు. కారణము ముందు చెప్పెదము. ఆమె తెల్లవారకముందే లేచి, కొన్ని మైళ్ల దూరమున నున్న సెమల్లే గ్రామమునకు నడచిపోయి, రోజ్ అను నొక రైతు భార్యను పాలదాదిగా పిలుచుకొని వచ్చెను. ఇంటికి వచ్చి చూచి రోజ్ తల యాడించెను. జేలీ మేడమీదికి పోయి పునీత జోసెఫుగారి స్వరూపము ముందు మోకరించి ఏడ్చెను. దిగివచ్చునప్పటికి బిడ్డ ఆత్రముగా పాలు త్రాగుచుండెను. కొంతసేపటికి తల వ్రేలవైచి ఊపిరి లేనట్లు పడియుండి, పిమ్మట కన్నులు దెరచి తల్లిని జూచి నవ్వెను. ఏడాదికి పైగా ఆ బిడ్డ రోజ్ యింటనే పెరిగెను.

మేడమీది మోకరింపును గూర్చి చెప్పువారు తెల్లవారుజామున నడచిన మైళ్లను గూర్చి సాధారణముగా చెప్పరు. మాకు మాత్రము రెండును ఒక్క ప్రార్థనగనే తోచినవి.

ఆరవనాటి రాత్రి చదివిన భాగము జేలీ రోగమును గూర్చినది. 1865లోనే ఆమె తన రొమ్మున గడ్డ యున్నదని, నొప్పి యున్నదని తన తమ్మునికి వ్రాసినది. ఆ పిమ్మట ఆ మాట మరుగుపడినది. ఐదు కానుపులు, నలుగురు బిడ్డల మరణములు, గురువారపు లేసు తునకలు—వీని నడుమ తన దేహమును గూర్చి చింతించుటకు తీరిక యెక్కడిది? పదునొకండేండ్లు గడచి, 1876 డిసెంబరులో గడ్డ పెరిగి బాధ హెచ్చినపుడు వైద్యునికి చూపెను. శస్త్రచికిత్సవలన ప్రయోజనము లేదని యాయన చెప్పెను. ఆ మాట విన్న లూయీగారు, తనకెంతో ప్రీతికరమైన చేపలగాలమును అటకమీద పడవైచెనట.

మావారు పుస్తకము మూసిరి. అక్కయ్య లేచి లోనికి పోయెను. మేము వెంట పోగా, వంటయింట చీకటిలో నిలిచి, మా చేయి పట్టి తన రవికమీద నుంచెను. నిమ్మపండంత గడ్డ చేతికి తగిలెను.

"ఎన్నాళ్లనుండి అక్కయ్యా?"

"పోయిన సంవత్సరము పెద్దదాని నిశ్చితార్థము నాటినుండి."

"బావగారికి తెలియునా?"

"చెప్పలేదు. పెండ్లి ఖర్చుల నడుమ ఇదొకటియా యని యూరకుంటిని. మరియు ప్రార్థనకూటమున నొకామె చెప్పినది—విశ్వాసమున్నవారికి మందు లెందుకు, మందు పుచ్చుకొన్నచో దేవుని శంకించినట్లే యని. అందుకే ఈ దంపతులను పట్టుకొంటిని."

మాకు కలిగిన కోప మింతంతకాదు. ఎవరిపైననో తెలియలేదు. ఆ మాట చెప్పిన యామెపైనా, పదునాలుగు నెలలు దాచిన అక్కయ్యపైనా, ప్రతిదినము ఒక్క పంక్తిని కూర్చుండి భుజించుచు కనిపెట్టలేకపోయిన మాపైనా? "జేలీ తల్లి పదునొకండేండ్లు దాచి యేమి సాధించెను? ఆ కాలమున ముందే పోయినను వైద్యము లేకపోయెనేమో; నీకున్నది గదా!" యని కేకవేసితిమి. పెద్దదానితో అట్లు మాటలాడుట అదియే మొదటిసారి. ఆమె కొంగుతో ముఖము కప్పుకొని, "మిగిలిన కథ చెప్పు, ఆమె లూర్దుకు పోయినదట గదా" యనెను.

పోయినది. 1877 జూన్ నెలలో ముగ్గురు పెద్ద కుమార్తెలతో, ఆ చివరిదశలో, రైలుబండ్ల కుదుపులకు నోర్చి లూర్దుకు పోయి, అచటి చల్లని నీట నాలుగుమార్లు మునిగినది. స్వస్థత రాలేదు. ఆమె బ్రతుకగోరినది ముఖ్యముగా లెయోనీ అను నడిమి కుమార్తె కొరకు. ఆ పిల్ల మందబుద్ధి యని, మొండిదని అందరు ననుకొనుచుండిరి. ఇంటి పనికత్తె చాటుగా ఆ పిల్లను బెదిరించి లొంగదీసికొన్నదని తల్లికి ఆ సంవత్సరము వసంతముననే తెలిసెను. బిడ్డ మనస్సు తనవైపు తిరుగుచున్న వేళ తాను పోవలసివచ్చె ననునదే ఆమె దుఃఖము. సావిత్రీదేవి యముని వెంట నడచి పతిప్రాణములు గెలిచిన కథ మన మెరుగుదుము. ఈ తల్లి అంత దూరమును నడచి రిక్తహస్తములతో తిరిగివచ్చినది. ఆగష్టు 28వ తేదీన, నలుబదియైదేండ్ల ప్రాయమున మరణించెను. తెరేజమ్మకు అప్పటికి నాలుగున్నర యేండ్లు. లెయోనీ పెద్దదై, పలుమార్లు మఠమునుండి తిరిగివచ్చియు, కడకు మఠముననే స్థిరపడి 1941లో మరణించెను. ఆమెను పునీతురాలిగా ప్రకటించుటకై 2015లో విచారణ ఆరంభమైనది.

భర్తయు స్వస్థత నొందలేదు. లూయీగారు కుమార్తెలతో లిసియోకు మారి, ముదిమిలో పక్షవాతమునకును మతిభ్రంశమునకును లోనై, 1889నుండి మూడేండ్లకు పైగా కాన్ పట్టణపు మనోరోగుల చికిత్సాలయమున నుండిరి. కుమార్తెలు మఠములకు పోయిన దిగులుచేతనే మతి పోయినదని ఊరివారు చెప్పుకొనిరట. లోకము నోరు ఏ దేశముననైనను ఒక్కటియే! 1894లో ఆయన కాలధర్మము నొందిరి.

అట్టి వీరిని 2008 అక్టోబరు 19న లిసియోలో ధన్యులుగాను, 2015 అక్టోబరు 18న రోమునగరమున ఫ్రాన్సిస్ పోపుగారు పునీతులుగాను ప్రకటించిరి. దానికి మునుపు వీరి వేడుకోలువలన జరిగిన స్వస్థతలను మొదట వైద్యుల సంఘము పరిశీలించెను. వైద్యశాస్త్రమున దీనికి కారణము కానరాదని వారు తేల్చినగాని వేదశాస్త్రపండితులు దానిని ముట్టరు. మొదటిది 2002లో ఇటలీలోని మోంత్సాయందు ఊపిరితిత్తులు సరిగా నేర్పడక పుట్టిన మగశిశువు; రెండవది 2008లో స్పెయినులోని వలెన్సియాయందు నెలలు నిండకయే పుట్టి, మెదడులో రక్తస్రావమైన ఆడశిశువు. ఇరువురును వైద్యశాలలోనే, యంత్రముల నడుమనే, వైద్యుల కన్నులయెదుటనే బ్రతికిరి. తల్లిదండ్రులు బిడ్డలను వైద్యశాలనుండి తీసికొనిపోయి ప్రార్థింపలేదు. ఈ సంగతి మేము అక్కయ్యకు మూడుమార్లు చెప్పితిమి.

తొమ్మిదవనాటి ప్రార్థన మేము ఇంట ముగింపలేదు. ఆనాడు పట్టణమున వైద్యశాల వసారాలో, సూదితో గడ్డనుండి తీసిన పరీక్షకొరకు కూర్చుండి చెప్పుకొంటిమి. బావగారు జపమాల పట్టుకొని మాటలు తప్పుచు మాతో పలుకుచుండిరి. వారము గడచిన పిదప క్యాన్సరని తేలెను. జూన్ నెలలో శస్త్రచికిత్స జరిగెను, రొమ్ము తీసివేసిరి. తరువాత సంవత్సరాంతము వరకు మందు లెక్కించిరి. జుట్టంతయు రాలిపోయెను. చంకలోని గ్రంథులకు రోగము కొంత ప్రాకియుండెనని, ఐదేండ్లపాటు విడువక చూపించుకొనుచుండవలెనని వైద్యురాలు చెప్పినది. ఇంకొక సంవత్సరము ముందుగా వచ్చియుండినచో నని ఆమె ఆరంభించి, అక్కయ్య ముఖము చూచి మానివేసినది.

ఈ యేడు ఫిబ్రవరిలో గుణదలమాత ఉత్సవమునకు అక్కయ్యతో కూడ బెజవాడకు పోయితిమి. కొండమెట్లు పదింటికొకసారి నిలిచి నిలిచి ఎక్కినది. క్రిందికి దిగివచ్చుచుండగా, తలనీలాలు సమర్పించువారి వరుసలో నిలువుమని ఎవరో పిలిచిరి. అక్కయ్య కొంగు తొలగించి, అప్పుడప్పుడే మొలచుచున్న తన తలను తడవి చూపి, "మా మ్రొక్కు ముందే తీరినదమ్మా!" యని నవ్వెను. తరువాత సంచిలోనుండి ఆ దంపతుల పటము తీసి, వెనుకనున్న ప్రార్థనను చదువ నారంభించెను. ఎవరికొరకని ఈసారి అడిగితిమి. వైద్యశాలలో తన ప్రక్కమంచమున నుండిన గర్తపురి పిల్ల యొకతె, ముప్పదియేండ్లు నిండనిది, ఇంటిలో నెవరికిని చెప్పకుండ దాచుకొని వచ్చినదట. ఆ పిల్లకొరకు.