జివ్వుమంటే బతికున్నట్టే

చల్లనీళ్లు తగిలితే పైదవడ పన్ను జివ్వుమనేది. సెమిస్టర్ పరీక్షలయ్యాక చూసుకుందాంలే అని మూణ్ణెల్లు వాయిదా వేశాను. చివరికి వెళ్తే డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి, "పుచ్చు లోపలిదాకా వచ్చేసింది. పన్ను ఇంకా బతికే ఉంది. శుభ్రం చేసి మూస్తాను. నిలబడకపోతే రూట్ కెనాలే" అన్నారు. ఆ నెల నా ఫీజు కట్టడానికే నాన్న అప్పు చేశారు. ఇంకో ఖర్చు ఎలా చెప్పను?

చిగుళ్లలో సూది దిగిన నిమిషానికి గుండె దడదడలాడింది. చేతులు వణికాయి.

"మేడమ్, ఏదో అవుతోంది!"

"అడ్రినలిన్ బాబూ. కాసేపట్లో తగ్గిపోతుంది."

మత్తుమందులో అదెందుకు అనడిగితే, పన్ను మొద్దుబారేలోపు చెప్పారు. లిగ్నోకైన్ ఒక్కటే ఇస్తే రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం మందుని మోసుకుపోతుంది. పంటి లోపల మొద్దుదనం పది నిమిషాలు కూడా నిలవదు. అడ్రినలిన్ నాళాల్ని బిగించి మందుని అక్కడే ఆపుతుంది. అప్పుడు దాదాపు గంట పనిచేస్తుంది. అది ఉండేది 80,000 పాళ్లలో ఒక పాలు. అంటే మన హాస్టల్ 20 లీటర్ల క్యాన్లు నాలుగింటిలో ఒక్క గ్రాము!

అసలు భయం అప్పుడు మొదలైంది. పంటి లోపలి మెత్తటి గుజ్జుకి రక్తం వెళ్లేది వేరు కొసన ఉన్న సన్నటి రంధ్రాల్లోంచే. మందు చేరేదీ అక్కడికే. ఆ నాళాలూ బిగుస్తాయి కదా? ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో బట్టీపట్టిన పాయిజుయ్ సూత్రం గుర్తొచ్చింది: గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతు. రక్తనాళానికి ఈ లెక్క అచ్చంగా సరిపోదు గానీ, కుర్చీలో పడుకున్నవాడికి అది చాలు.

"మేడమ్, పంటికి రక్తం ఆగిపోదా?"

"బాగా తగ్గుతుంది. లేజర్ డాప్లర్‌తో కొలిచి చూశారు కూడా. మందు ప్రభావం పోయాక మళ్లీ వస్తుంది. మామూలుగా ఆ కాసేపు పన్ను తట్టుకుంటుంది" అని, డ్రిల్ అందుకుంటూ, "గంటకి ఇంత భయపడుతున్నావ్, మూణ్ణెల్లు ఏం చేశావ్?" అన్నారు.

నోరు తెరిచే ఉంది గానీ జవాబు లేదు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. చల్లటి దూది పంటికి ఆనించారు. జివ్వుమంది. తీయగానే పోయింది.

"బతికే ఉంది" అన్నారు.

బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. "రూట్ కెనాల్ ఇప్పటికైతే అక్కర్లేదంట నాన్నా." అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, "భోంచేశావా?" అన్నారు.

ఫ్రెండ్స్, మీ పన్ను జివ్వుమంటోందా? పరీక్షలయ్యేదాకా ఆగకండి.