స్లయిడు మీద లేని చేతులు

బట్టలోని పీచును మైక్రోస్కోపు కింద పెట్టి అది దేనిదో తేల్చడం హోంసైన్సు విద్యార్థినులకు నేను ఏటా నేర్పే పాఠం. "వంటలూ కుట్లే కదా" అని పక్క విభాగాల వాళ్లు తేలిగ్గా తీసేసే కోర్సులోనిదే ఇది. పోగు పురి విప్పి, రెండు మూడు పీచుల్ని సూదితో విడదీసి, గ్లిజరిన్ చుక్కలో పరిచి, పైన కవర్‌స్లిప్ పెడతాం.

పత్తి, మెలికలు తిరిగిన రిబ్బనులా కనిపిస్తుంది. కాయ పగిలాక లోపలి తడి ఆరి, సన్నని గొట్టంలాంటి పీచు కుంగిపోవడం వల్ల వచ్చిన మెలికలవి. ఉన్నికి పొలుసులుంటాయి. జిగురు తీసిన పట్టు నున్నగా ఉంటుంది, అడ్డంగా కోస్తే మూలలు అరిగిన ముక్కోణం. మామూలు పాలియెస్టరుదీ నునుపే, కానీ ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకటే మందం. "ప్యూర్ సిల్క్" అని కొన్న చీర అంచు నుంచి పోగు తెచ్చి చూసుకుని చిన్నబుచ్చుకున్న పిల్లలున్నారు.

ఒకసారి పొందూరు ఖాదీ పోగునూ మిల్లు పోగునూ పక్కపక్కన పెట్టించాను. తక్కువ పవరులో చేతి నూలు హెచ్చుతగ్గులు తెలిశాయి. పీచు దగ్గరికి వెళ్లేసరికి ఆ తేడా పోయింది. రెండూ పత్తే.

"మరి ఎవరు వడికారో ఎలా తెలుస్తుంది మేడమ్?" అందొక అమ్మాయి.

తెలియదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వంద కౌంటు దాకా సన్నని నూలు తీస్తారు. ఆ దువ్వెన జాడ ఏ లెన్సుకూ అందదు.

లెన్సును తప్పుపట్టను. అడిగినదానికే అది జవాబు చెబుతుంది. మన భాష సంగతి వేరు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో 70 శాతానికి పైగా స్త్రీలే. అయినా మన నోట వచ్చే మాట "నేతన్న". కండెలు చుట్టే ఆమెదీ, ఆసు పోసే ఆమెదీ "ఇంట్లో సాయం". ఒక్క చీరకు ఆసు పోయాలంటే వేలసార్లు చెయ్యి ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. ఆ నొప్పి ఖరీదు చీర ధరలో ఎక్కడుందో చెప్పగలవాళ్లెవరు?

మా రికార్డు పుస్తకంలో బొమ్మ కింద పీచు పేరు, నిలువు రూపం, అడ్డుకోత అని గళ్లుంటాయి. వాటి కింద ఇప్పుడు ఇంకో గడి గీయిస్తున్నాను: ఎవరు ఏకారు, ఎవరు వడికారు, ఎవరు కండె చుట్టారు, ఎంత కూలి ముట్టింది. పరీక్షలో దానికి మార్కులు లేవు. అయినా నేతపని ఉన్న ఊళ్ల పిల్లలు ఇళ్లల్లో అడిగి రాసుకొస్తున్నారు. కండె చుట్టినవాళ్ల పేర్లు అమ్మ, నాయనమ్మ, వదిన. కూలి దగ్గర చాలామంది రాసింది ఒకటే మాట: "ఇవ్వలేదు."