యూదుల మీద రీసెర్చ్‌కి మనకెవరిస్తారు డబ్బులు?

కొంచెం పెద్ద పోస్టే. రాత్రి మెస్‌లో తిన్నాక తీరిగ్గా చదవండి.

మేం ముగ్గురం ఒకే రూమ్ అమ్మాయిలం. ముగ్గురిదీ వీరులపాడు మండలమే. ఒకరిది తండా, ఒకరిది యానాదుల కాలనీ, ఒకరిది ఊరి చివర ఎరుకల ఇల్లు. నందిగామలో డిగ్రీ చివరి సంవత్సరం, హిస్టరీ. మూడిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఏ ఫారమైనా మేమే నింపుకుంటాం, అమ్మానాన్నలు వేలిముద్రో సంతకమో పెడతారు.

పోయినేడాది ప్రాజెక్టు కోసం, పాత కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సమూహం గురించి రాసుకు రమ్మన్నారు. మాలో ఒకరికి ఫోన్‌లో ఒక వార్త దొరికింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని. మొదట నవ్వుకున్నాం. యూదులంటే బైబిల్లో వింటాం, హిట్లర్ పాఠంలో చదువుతాం. చేబ్రోలులో ఏంటి?

చదువుతూపోతే నవ్వు పోయింది. వాళ్లు మాదిగ కుటుంబాల వాళ్లు. అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. ఇజ్రాయేలు పది తప్పిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం తమదని చెప్పుకుంటారు, బెనె ఎఫ్రాయిమ్ అని పేరు. 1980ల చివరి నుంచి యూదు పద్ధతులు పాటిస్తున్నారు. శనివారం సబ్బాతు, సొంతంగా కట్టుకున్న సినగాగ్. వీళ్ల మీద ఒక పూర్తి పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. రాసింది ఇంగ్లండ్‌లో డర్హమ్ యూనివర్సిటీలో పనిచేసే యూలియా ఎగోరోవా, ఆమెతోపాటు షాహిద్ పర్వేజ్. అంత దూరం నుంచి వచ్చి రాశారు. మేమైతే బెజవాడ, గుంటూరు మీదుగా బస్సులు మారి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి వచ్చేస్తాం. ఆ మాట దగ్గరే మాకు ఆశ పుట్టింది. పీజీ చేసి, తర్వాత పీహెచ్‌డీలో దీన్నే తీసుకుంటే?

ఇంట్లో చెప్పాం. మిరపకోతల నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న యాడి ఒకటే అడిగింది: "మన తండా గురించి రాసే దిక్కు లేదు, వాళ్ల గురించి నువ్వెందుకు రాయాలే?" దానికి మా దగ్గర జవాబు లేదు. తర్వాత రూమ్‌లో మాలో ఒకరన్నారు, జగ్గయ్యపేట ధనంబోడు మీద స్తూపాన్ని 1882లో తవ్వించిన బర్జెస్ బౌద్ధుడా ఏంటి అని. మాట బాగానే ఉంది కానీ బర్జెస్‌కి సర్కారు జీతమొచ్చేది. మాకు ఎవరిస్తారు? యాడి అడిగినదాంట్లో సగం ఆ ప్రశ్నే.

అక్కడ మొదలైంది వెతుకులాట. మేం చేసిన మొదటి తప్పు ఇక్కడ చెప్తున్నాం, మీరు చేయొద్దు. "యూదు అధ్యయనాలు, ఫెలోషిప్" అని ఇంగ్లిష్‌లో కొట్టాం. వందల పేజీలు వచ్చాయి. అన్నీ అమెరికా, యూరప్, ఇజ్రాయెల్. న్యూయార్క్‌లో మెమోరియల్ ఫౌండేషన్ ఫర్ జ్యూయిష్ కల్చర్ అని ఒకటుంది, పశ్చిమ జర్మనీ ఇచ్చిన నష్టపరిహారం డబ్బుతో 1960ల్లో మొదలైంది. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకి ఇచ్చే సంస్థ. అంటే అప్పటికే పీహెచ్‌డీలో ఉండాలి. ఇజ్రాయెల్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు మన కేంద్ర విద్యాశాఖ నోటిఫికేషన్ ద్వారా వస్తాయి. అవి కూడా డిగ్రీ పూర్తయ్యాకే. నెల రోజుల డేటా అయిపోయింది, చేతికి వచ్చింది సున్నా. ఒక్కటి మాత్రం మిగిలింది. డ్యుయోలింగోలో హీబ్రూ ఉందని తెలిసి అక్షరాలు నేర్చుకున్నాం. ఉర్దూలాగే కుడి నుంచి ఎడమకి రాస్తారు. మా నోట్సులో చివరి పేజీ నుంచి మొదలెట్టాం, మెస్ అక్క చూసి పుస్తకం తిరగేసి పట్టుకున్నారేంటే అంది.

తర్వాత యూనివర్సిటీలో చదివే ఒక సీనియర్ అక్క ఫోన్‌లో మా కథంతా విని ఒక మాట చెప్పింది. సబ్జెక్టు పేరుతో వెతక్కండే, మీరెవరో ఆ పేరుతో వెతకండి అని. మాకు తలుపు తెరుచుకున్నట్టయింది. ఎందుకంటే ఎస్టీ విద్యార్థుల నేషనల్ ఫెలోషిప్ ఉంది కదా, గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖది, పూర్వం రాజీవ్ గాంధీ పేరుతో ఉండేది. ఏడాదికి 750 మందికి ఇస్తారు. రెగ్యులర్ పీహెచ్‌డీలో చేరి ఉండాలి, పీజీ మార్కుల మీద ఎంపిక. నెట్ రాయాల్సిన పని లేదు. యూదులు అన్న మాట ఆ స్కీములో ఎక్కడా లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మన టాపిక్ యూనివర్సిటీ ఒప్పుకుంటే చాలు.

నెట్ కూడా వదలొద్దంది అక్క. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000. మనకి పీజీలో 50 శాతం చాలు, వయసులో అయిదేళ్ల సడలింపు. నెట్‌లో హిస్టరీ ఒక్కటే కాదు, మతాల తులనాత్మక అధ్యయనం అని ఒక సబ్జెక్టే ఉంది, మాకు అప్పటిదాకా తెలీదు. ఐసీహెచ్‌ఆర్, ఐసీఎస్‌ఎస్‌ఆర్‌లకి కూడా పీహెచ్‌డీ ఫెలోషిప్పులున్నాయి. విదేశాలకి వెళ్లాలంటే ఎస్టీల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, ఏడాదికి 20 మందికే. కుటుంబ ఆదాయం 6 లక్షలు దాటకూడదు. మా ముగ్గురి ఇళ్ల ఆదాయం కలిపినా దాటదులెండి.

ఇవన్నీ పీజీ తర్వాతవి. ముందు పీజీ సీటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీకి సీయూఈటీ పీజీ రాయాలి. కాబట్టి ప్రస్తుతం మేం చదువుతున్నది దానికే, యూదుల గురించి కాదు.

అసలు విషయం ఇప్పుడు చెప్తాం. ఈ స్కీములు చదువుతుంటే మాకు ఒక రాత్రి నిద్ర పట్టలేదు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, తర్వాత 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు, వీళ్లకే ఎస్సీ హోదా. ఇంకే మతంలోకి వెళ్లినా పోతుంది. అంటే కొత్తరెడ్డిపాలెం పిల్లాడెవరైనా ఫారంలో మతం దగ్గర యూదు అని రాస్తే ఎస్సీ ఫెలోషిప్ తలుపు అక్కడే మూసుకుంటుంది. ఎస్టీలకి ఆ మతం షరతు లేదు. మిజోరం, మణిపూర్‌లో బ్నెయ్ మెనాషే అని ఉన్నారు, వాళ్లూ ఇజ్రాయేలు గోత్రమే అంటారు. 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకాయన వాళ్లని గుర్తించాడు, వేల మంది వెళ్లిపోయారు. ఇక్కడ ఉన్నంతకాలం యూదులమని చెప్పుకున్నా వాళ్ల ఎస్టీ సర్టిఫికెట్ పోదు, ఎందుకంటే వాళ్లు కుకీ, మిజో తెగల వాళ్లు. చేబ్రోలు వాళ్లకి ఇజ్రాయెల్ నుంచి అలాంటి గుర్తింపూ రాలేదు.

ఇంకోటి. సామాజిక న్యాయ శాఖ ఎస్సీ విద్యార్థులకి ఇచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో ఒక నిబంధన పెట్టారు, భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద రీసెర్చ్‌కి అది వర్తించదని. కొత్తరెడ్డిపాలెం పిల్లాడు హిందువు అని రాసుకుని ఎస్సీగా అప్లై చేసినా, తన ఊరి కథ మీద లండన్‌లో చదవడానికి ఆ డబ్బు రాదు.

చూశారా? వాళ్ల మీద రీసెర్చ్ చేయడానికి మాకు డబ్బులొస్తాయి. వాళ్లు తామెవరో నిజం రాస్తే వాళ్లకి రావు.

దీని మీద మేం ముగ్గురం కొట్టుకున్నంత పని చేశాం. ఒకరు, అయితే మనం ఈ టాపిక్ వదిలేద్దాం అన్నారు. మన కాలనీకి కూడా సర్వే వాళ్లు వచ్చి, ఫొటోలు తీసుకుని, మళ్లీ మొహం చూపించలేదు కదా, మనమూ అదే చేస్తామా అని. ఇంకొకరు, మనం వదిలేస్తే వాళ్లకేం ఒరుగుతుంది అన్నారు. మూడో ఆమె మాట మాకు ఇప్పటికీ తిరుగుతోంది. మా తాత చెల్లెల్ని మధిర వైపు ఇచ్చారు. మనకి ఆంధ్రాలో ముందు నుంచీ ఎస్టీ, వాళ్లకి తెలంగాణలో 1976 చట్టం వచ్చాకే. భాష ఒకటి, పండగ ఒకటి, సర్టిఫికెట్ మాత్రం గీతకి అటొకటి ఇటొకటి. ఇది అనుభవించినవాళ్లం కాబట్టి కొత్తరెడ్డిపాలెం వాళ్లని మనం అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది అంది. మీరు నిజంగా యూదులేనా అని కాదు, ఫారంలో ఏం రాస్తున్నారు, ఎందుకు అని.

ఆ రాత్రి మా టాపిక్ మారింది. మొదట "యూదుల చరిత్ర" అని రాసుకున్నాం. అక్క విని, అది లైబ్రరీ పేరే, టాపిక్ కాదు అంది. ఇప్పుడు "గుంటూరు జిల్లా తెలుగు యూదులు, కుల ధ్రువీకరణ" అని పెట్టుకున్నాం. ఇంకా ఆ ఊరికి వెళ్లలేదు. చెప్పాపెట్టకుండా వెళ్లి సినగాగ్ ముందు సెల్ఫీ దిగి రావడం ముగ్గురికీ ఇష్టం లేదు. ప్రాజెక్టు పుస్తకాలు, వార్తలు చూసే రాశాం. పీజీలో చేరాక, ముందు కబురు పెట్టి, వాళ్లు రమ్మంటే వెళ్తాం.

యాడికి మళ్లీ చెప్పాం, సర్టిఫికెట్ కథతో సహా. అంతా విని, "వాళ్లకీ ఆఫీసుల చుట్టూ తిరుగుడేనా" అంది. సరే అనలేదు, వద్దూ అనలేదు. డీఎస్సీ కోచింగ్ మాట మాత్రం ఆ వారం ఎత్తలేదు.

ఈలోపు మాకో తలనొప్పి. మాలో ఒకరికి టెన్త్ మెమోలో ఇంటిపేరు చివర హెచ్ ఉంది, ఆధార్‌లో లేదు. పోయినేడాది ఆ ఒక్క అక్షరం వల్ల ఒక ఆఫీసులో స్కాలర్‌షిప్ అప్లికేషన్ వెనక్కి కొట్టారు, తెలిసేసరికి గడువు దాటింది. మన తండాల్లో ఇది ఇంటింటికీ ఉంటుంది. ఫైనలియర్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఆదివారమే మెమో, ఆధార్, కుల సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. మేం సోమవారం ఆధార్ సెంటర్‌కి వెళ్తున్నాం, క్యూ కోసం పొద్దున్నే.

ఎస్టీ నేషనల్ ఫెలోషిప్ తీసుకున్న అన్నలు, అక్కలు గ్రూపులో ఎవరైనా ఉంటే, మీ సినాప్సిస్ ఒకటి ఫొటో తీసి పెట్టండి. ఏ సబ్జెక్టైనా పర్లేదు. ఎలా మొదలుపెడతారో చూడాలి మాకు.