వంక పెట్టని బేరం

బేరమాడటంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్లో వంకాయ చేతిలోకి తీసుకుని "పుచ్చులున్నట్టున్నాయే" అన్నానంటే కిలోకి ఐదో పదో దిగాల్సిందే. సరుక్కి వంక పెడితే ధర తగ్గుతుందన్నది మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్య.

మావారికి అరకు బదిలీ అయ్యాక, కోడిని పెంచుదామని పిల్లలు పట్టుబట్టారు. అక్కడ శుక్రవారం సంత. చుట్టుపక్కల ఊళ్ళ గిరిజనులు కూరగాయలు, పసుపు, కోళ్ళు, మేకలు తెస్తారు. కాఫీ, మిరియాలు కొనడానికి గిరిజన సహకార సంస్థ ఉంది. గంపలో కూర్చున్న నాటుకోడికి మాత్రం ఏ రేటూ రాసి ఉండదు. ఎత్తి చూసుకుని, మాట్లాడుకోవడమే.

ఒకావిడ దగ్గర ఎర్ర పెట్ట నచ్చింది. 700 చెప్పింది. నేను అలవాటుగా అందుకున్నాను.

"బక్కగా ఉందే! ముసలిదేమో కూడా. పొట్ట కింద ఈకలే లేవు. నాలుగొందలకిస్తావా?"

ఆవిడ పెట్టని ఒళ్ళోకి లాక్కుంది. వీపు నిమురుతూ, "ఇది అమ్మను లేమ్మా" అంది.

నాకు చటుక్కున నా మొదటి పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. "అమ్మాయి చామనఛాయ, పొట్టి కూడాను" అంటూ వచ్చినవాళ్ళలో ఓ పెద్దాయన కట్నం లెక్క మొదలుపెట్టాడు. తలుపు వెనక నిలబడి విన్నాం. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి దగ్గరికి తీసుకుంది. ఆ సంబంధం మేమే వద్దన్నాం.

నాతో వచ్చిన ఎదురింటి అప్ప అరకులోనే పుట్టి పెరిగిన మనిషి. మెల్లిగా అంది: "తగ్గించమని అడుగు, తప్పులేదు. పెట్టని ఏమీ అనకు. చిన్నప్పట్నుంచీ సాకింది కదా."

గంప పక్కనే కూర్చున్నాను. "ఏమనుకోకప్పా, తప్పుగా మాట్లాడాను" అన్నాను. ఎన్నిసార్లు పొదిగిందని అడిగితే, రెండుసార్లు అంది. మొన్ననే 12 గుడ్ల మీద 21 రోజులు కూర్చుని లేచిందట. ఈకలు అందుకే లేవు! పిల్లల్లో రెండింటిని గద్ద ఎత్తుకుపోయిందట. కొక్కెర తెగులు ఈ ఏడాది తమ ఊరికి రాలేదని కూడా చెప్పింది.

అప్పుడు ఉన్నమాట చెప్పాను. "కోసుకోవడానికి కాదప్పా, పెంచుకోవడానికే. నా దగ్గర 650 ఉన్నాయి. కుదిరితే ఇవ్వు, లేకపోతే ఫరవాలేదు."

ఆవిడ పెట్టని చూసింది, నన్ను చూసింది. గుడ్డపీలికతో దాని కాళ్ళు కట్టి నా చేతికిచ్చింది. "మూడు రోజులు గంప కింద మూసి ఉంచు. కొత్త ఇల్లు కదా, బెంగపడుతుంది" అంది.

వంక పెడితే అసలు దక్కని పెట్ట, అడిగితే 50 తగ్గి మరీ వచ్చింది. వంకాయల దగ్గర నా విద్య ఇంకా మానలేదు కానీ, ఎవరైనా ఒళ్ళో పెట్టుకుని పెంచినదాని దగ్గర మాత్రం నోరు జాగ్రత్తగా పెట్టుకుంటున్నాను.

తరవాతి శుక్రవారం సంతలో ఆవిడే నన్ను కేకేసింది. డబ్బులు పుచ్చుకుని వారమైంది, అయినా ఏమని అడిగిందో తెలుసా?

"నా పెట్ట తింటోందా?"