హంసపాదము

వ్రాతలో నక్షరము జారినప్పుడు దానిని పంక్తిపైన వ్రాసి, చేరవలసిన చోటు తెలుపుటకు పెట్టు గుర్తునకు హంసపాదమని పేరు. తొలిపంక్తిలోనే యది పడినచో "ఆదిలోనే హంసపాదు" అని మనవారు నవ్వుదురు. మాకు మాత్రమా గుర్తునెడ గౌరవమే కలదు. చేసిన మార్పును దాచక చెప్పుకొను గుర్తది. కంప్యూటరులో గూడ నట్టి సాధనము గలదని సోదరీమణులలో కొందరెరుగకపోవచ్చును.

మా యత్తగారు తమ బాల్యమునాటి సంగతులు చెప్పుచుండగా మేము వర్డులో టైపుచేసి, భాష చూడుమని మా తోడికోడలికి పంపితిమి. ఆమె కళాశాలలో చదివినది. ముప్పది పుటలును దిద్దుకొని తిరిగివచ్చినవి. ఎక్కడను తప్పులేదు, అత్తగారి గొంతును లేదు. "చల్ది" పోయి "అల్పాహారము" వచ్చినది. "దాలి" పోయి "పొయ్యి" వచ్చినది. పిడకల సెగపై దాలిలో కాగిన పాలకు వచ్చు నెరుపు పొయ్యిమీది పాలకెక్కడిది?

ఇంకను నేమేమి పోయినవో తెలియుటెట్లు? మూలప్రతి మాయొద్దనుండుటచే, వర్డులోని "రివ్యూ" విభాగమున "కంపేర్" అనునది నొక్కి రెండు ప్రతులను చూపితిమి. భేదములన్నియు రంగులతో వెలసినవి: చేర్చిన మాటల క్రింద గీత, తీసివేసిన మాటలపై నడ్డుగీత. దిద్దుటకు ముందే "ట్రాక్ ఛేంజెస్" నొక్కియుంచినచో నీ శ్రమయు నుండదు; ఎవరు దిద్దిరో యెప్పుడు దిద్దిరో కూడ తెలియును. గూగుల్ డాక్సులో దీనినే "సజెస్టింగ్" అందురు. మావారు బడిపిల్లల వ్రాతలను ఎర్రసిరాతో దిద్దుదురు. కొట్టివేసిన మాట క్రింద కనబడుచునే యుండును. ఇదియు నట్టిదే.

అత్తగారిని కూర్చుండబెట్టి యొక్కొక్క మార్పును చదివి వినిపించితిమి. ఒప్పుకొన్నదానికి "యాక్సెప్ట్", వలదన్నదానికి "రిజెక్ట్". వాక్యముల క్రమము మార్చిన చోట్ల నామె సంతోషముతో నొప్పుకొనిరి. అయిదవ తరగతితో తమ్ము బడి మాన్పించిరనియు, ఆ రాత్రి యన్నము తినలేదనియు చెప్పిన వాక్యముపై నడ్డుగీత యుండెను. పుట్టింటివారికి చిన్నతనమగునని మా తోడికోడలి తలంపు కాబోలు. అత్తగారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "కొట్టేస్తే నేను చదువుకొన్నట్టా?" అనిరి. ఆ వాక్యము మరల లోనికి వచ్చినది.

ఒక హెచ్చరిక. "నో మార్కప్" అని యెంచుకొన్నచో నీ గీతలు కన్నులకు మరుగగునే గాని ప్రతిని విడిచిపోవు. ఆస్తిపంపకములనాటి మాట యొకటి అత్తగారే చెప్పి, పిదప తామే వలదనిరి. ఆ తొలగింపును "యాక్సెప్ట్" చేయక అచ్చువారికి పంపినచో, వారొక్క నొక్కుతో దానిని చదువగలరు. ఇంటిమాటలు గల ప్రతిని వెలికి పంపునపుడు గుర్తు లొక్కటియు మిగులలేదని చూచుకొనవలయును. గుర్తులున్న ప్రతిని వేరుగ నింట దాచుకొనవచ్చును.

ఇప్పుడు గుర్తులతోడనే ప్రతి యీ యింటికి నా యింటికి తిరుగుచున్నది. "దాలి" ప్రక్కన మా తోడికోడలు "నేటి పిల్లలకు తెలియదు" అని వ్యాఖ్య పెట్టినది. దానిక్రింద అత్తగారు చెప్పిన బదులును మేము టైపుచేసితిమి: "తెలియకపోతే నన్నడుగుతారు."