మా ఇంటి స్పీకర్లు

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన రోజు మా అమ్మ ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీస్తుంది. ఒక పక్క ‘తీసుకెళ్ళేవి’, రెండో పక్క ‘వదిలేసేవి’. మీరూ మాలాగే ఊళ్ళు మారే పిల్లలే కాబట్టి ఇలాంటి కాగితం మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. ఈసారి టాటానగర్ నుంచి రాంచీకి వెళ్ళాలి. వదిలేసే వాటిలో మొదటి పేరు మా స్పీకర్లది.

మేమంటే అక్కాతమ్ముళ్ళం. ఒకరం పదకొండో తరగతి, ఒకరం ఎనిమిదో తరగతి. నాన్నగారిది రైల్వే ఉద్యోగం. సొంత ఊరు శ్రీకాకుళం జిల్లా అయినా మేం పెరిగింది ఖరగ్‌పూర్, ఆద్రా, జంషెడ్‌పూర్ క్వార్టర్లలోనే.

ఆ స్పీకర్లు నాన్న పెళ్ళికి ముందు కొన్నవి. కలకత్తా చాందినీ మార్కెట్లో విడిభాగాలు ఎంచుకుని, చెక్క పెట్టెల్లో బిగింపించుకున్నారట. వాటికి కంపెనీ పేరంటూ లేదు. కింద పెద్దది వూఫర్, పైన చిన్నది ట్వీటర్. ఏ ఊరు వెళ్ళినా, అమ్మ పాలు పొంగించగానే నాన్న ముందు విప్పేది ఆ పెట్టెలనే. ఖాళీ గదిలో పాట గంగాళంలో మోగినట్టు మోగుతుంది. వట్టి గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. పరుపులు, పరదాలు పీల్చుకుంటాయి. అందుకే సామాను సర్దేకొద్దీ ఆ మోత తగ్గిపోతుంది. మోత పోయిందంటే ఇల్లు కుదురుకున్నట్టే అని నాన్న లెక్క.

జంషెడ్‌పూర్‌లో మాత్రం ఆ లెక్క తప్పింది. సామానంతా సర్దేసినా పాట కుదురుకోలేదు. తబలా దెబ్బ పలచగా, డబ్బా మీద కొట్టినట్టు వినిపించేది. ఘంటసాల పాట పెడితే, “గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియట్లేదు” అనేది అమ్మ. మెల్లగా నాన్న సాయంత్రాలు పాటలు వినడం మానేశారు. ఈ ఇల్లే మాకు పడలేదని మేం అనుకున్నాం. రెండేళ్ళు అలాగే గడిచిపోయాయి. “అవి ముసలివైపోయాయి, కబాడీవాలాకి ఇచ్చేద్దాం. చిన్న బ్లూటూత్ స్పీకరు కొనుక్కుందాం” అన్నారు నాన్న ఈసారి.

మాకు మనసొప్పలేదు. స్పీకర్లంటే ప్రాణం పెట్టే ఇద్దరు పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళాం.

కదమాలో ఉండే మావయ్యగారు స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర చెక్క పెట్టె ఫిలిప్స్ రేడియో ఉంది. వయసులో ఉన్నప్పుడు రాత్రిళ్ళు దానిలోనే విజయవాడ కేంద్రం వినేవారట. మీడియం వేవ్ ప్రసారాలు రాత్రిపూట చాలా దూరం వెళ్తాయి. “గరగరలాడేది. అయినా ఇంత దూరంలో తెలుగు మాట వినిపించేది. ఇంకేం కావాలర్రా?” అన్నారు.

మా పై అంతస్తు బెంగాలీ అంకుల్‌వి సోనోడైన్ స్పీకర్లు. 1970లో కలకత్తాలో మొదలైన కంపెనీ అది. “గాయని పాటకు ముందు ఊపిరి తీసుకోవడం కూడా నాకు వినిపించాలి. అందుకే ఇవంటే ఇష్టం” అంటారాయన. మా గోడు విని ఒకటే అడిగారు: “గొంతు రెండు స్పీకర్ల మధ్య నుంచి వస్తోందా?” రాదన్నాం. “అయితే ఒకటి ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతోందేమో చూడండి” అన్నారు.

స్పీకరు లోపల ఒక అయస్కాంతం, దాని సందులో తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు కోను ఉంటాయి. కరెంటు దిశ మారినప్పుడల్లా చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది. కోను గాలిని నెడుతుంది. ఈ రకం స్పీకరు గురించి 1925లో అమెరికా ఇంజినీర్లు రైస్, కెలాగ్ వివరించారు. నేటికీ ఎక్కువ స్పీకర్లు ఇలాగే పనిచేస్తున్నాయి. రెండు స్పీకర్లలో ఒకదాని తీగలు తారుమారైతే, ఒకటి గాలిని నెట్టేటప్పుడు రెండోది లాగుతుంది. దాంతో లోతైన శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నడిమధ్యన వినిపించాల్సిన గొంతుకు చోటు లేకుండా పోతుంది.

ఇంటికొచ్చి ఆంప్లిఫయర్ తీగలు ఊడదీశాం. గోడగడియారంలోని 1.5 వోల్టుల సెల్లు తీసి, ప్లస్సు ఎర్ర టెర్మినల్‌కీ, మైనస్సు నల్లదానికీ ఒక్క క్షణం తాకించాం. మొదటి స్పీకరు కోను టప్పున ముందుకొచ్చింది. రెండోదానిది లోపలికి పోయింది!

అప్పుడు గుర్తొచ్చింది. ఇక్కడికి వచ్చే ముందు రెండోదాన్ని రిపేరుకిచ్చాం. అక్కడే వూఫర్ తీగలు తారుమారుగా అతికించేశారు. నాన్నకి చెబితే మొదట నమ్మలేదు. సెల్లు తాకించి చూపించాం. ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళి స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ ఐరన్ తెచ్చారు.

ఆ రాత్రి ఘంటసాల పాట పెట్టాం. తబలా గుండెలకు తగిలింది. రెండు పెట్టెల మధ్య, గోడమీద క్యాలెండరు దగ్గర ఆయనే నిలబడి పాడుతున్నట్టుంది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్న పాట అయ్యేదాకా కదల్లేదు. తర్వాత, “పాపం, రెండేళ్ళు వాటిని తిట్టుకున్నాం” అన్నారు.

మేం తిట్టుకున్నది స్పీకర్లనే కాదు, ఈ ఇంటిని కూడా. ఇప్పుడు ఇల్లు కుదురుకుంది. కానీ ఇక్కడ మాకింకా ఇరవై రోజులే మిగిలాయి.

అంకుల్ సోనోడైన్లతో పోలిస్తే మావి గొప్పవేం కావు. ఆయనకు గాయని ఊపిరి వినిపిస్తే చాలు, మావయ్యగారికి తెలుగు మాట వినిపిస్తే చాలు. మాకు మాత్రం మేం ఉన్న చోటు మాదేనా కాదా అని చెప్పేవి ఈ పేరులేని పెట్టెలే.

అమ్మ కాగితంలో వాటి పేరు ఇంకా ‘వదిలేసేవి’ పక్కనే ఉంది. అయితే నిన్న సాయంత్రం నాన్న మంచం కిందనుంచి పాత దుప్పట్లు రెండు తీసి దులుపుతున్నారు. ఎందుకని మేం అడగలేదు.