36 మలుపుల దిగుడుదారి

తిరుమల కొండ ఎక్కటంకంటె దిగటంలోనే డ్రైవరుకు పరీక్ష. ఎక్కే కనుమదారి 1974లో తెరచినది, మలుపులు తక్కువ. దిగే దారి 1944 నాటిది. 19 కిలోమీటర్ల పొడవున 36 చోట్ల వచ్చిన వైపుకే మళ్ళినట్లుంటుంది. రెండవ దారి వచ్చేవరకు రాకపోకలు రెండూ దీనిమీదనే సాగినవి. ఆనాటి అంబాసిడర్లూ ఫియట్లూ కేవలం డ్రైవరు భుజబలంతో ఈ మలుపులు తిరిగినవి.

ఇప్పుడు ఆ భారం పవర్ స్టీరింగుది. మామూలు కార్లకు దీన్ని అమర్చి అమ్మటం 1951లో అమెరికాలో క్రైస్లర్ సంస్థతో ఆరంభమయింది. ఇంజను బెల్టుతో తిరిగే పంపు నూనెను వత్తిడితో నెడితే, ఆ వత్తిడి చక్రాలను త్రిప్పటానికి తోడ్పడుతుంది. తిన్నని రహదారిపై పంపుకు పని స్వల్పం. అందుచేత దాని లోపం మైదానంలో బయటపడదు. కనుమలో స్టీరింగును కొసదాకా త్రిప్పినప్పుడల్లా వత్తిడి పరాకాష్ఠకు చేరుతుంది. బలహీనపడిన గొట్టం చెమర్చేది, పంపు మూలిగేది అప్పుడే.

కొండమీద రాత్రంతా నిలిపిన కారు క్రింద ఒక పాత వార్తాపత్రిక పరచి ఉంచితే సగం రోగం తెలిసిపోతుంది. ముందు భాగాన ఎర్రని లేక తేనెరంగు జిడ్డు మరక పడితే స్టీరింగు నూనెను అనుమానించాలి. పాతబడితే అది గోధుమరంగుకు మారుతుంది. ఇంజను నూనె సాధారణంగా నల్లగా ఉంటుంది. రంగూ జిడ్డూ లేని నీటిచుక్కలు ఎయిర్ కండిషనరువి, భయం లేదు. మరక కనబడితే గొట్టాల అతుకులనూ, పంపు ఇరుసు దగ్గరి సీలునూ, చక్రాలవైపు ముడతలుగా ఉండే రబ్బరు తొడుగులనూ చూడాలి. తొడుగులోపల నూనె చేరితే, కారుతున్నది స్టీరింగు రాక్ సీలే. నూనెలో నురుగు కనిపిస్తే ఎక్కడో గాలి చొరబడుతున్నదన్నమాట.

ఈ నూనె పెట్రోలువలె ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే కారిందనే అర్థం. పోసి ఊరుకుంటే లోపం వాయిదాపడుతుందేగాని పోదు. చేతికందిన బ్రేకు నూనె పోయటం మరీ అనర్థం, సీళ్ళు పాడవుతాయి.

అన్నిటికంటె ప్రమాదకరం, ఇంధనం కలసివస్తుందని ఇంజను ఆపి జారుడుమీద దిగటం. ఇంజనుతోపాటు పంపూ ఆగుతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది. నాలుగుసార్లు తొక్కేసరికి బ్రేకూ రాయి అవుతుంది. ఈ దారిలోని అక్కగార్ల గుడికి డ్రైవర్లు భక్తితో మ్రొక్కుతారు. వారిలో బయలుదేరేముందు బానెట్టు ఎత్తి చూచినవారెందరో!

ఇంజను నడుస్తుండగానే స్టీరింగు బరువెక్కినా అది చేయి దాటిపోయినట్లు కాదు. చక్రాలతో లంకె తెగదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, తక్కువ గేరులో వేగం తగ్గించి, వెడల్పయిన చోటు చూచుకొని ఆగాలి. నేటి చాలా కార్లలో నూనెకు బదులు విద్యుత్ మోటారు ఉంటుంది. వాటికి మరక పడదు. డ్రైవరు ఎదుట వెలిగే హెచ్చరిక దీపమే ఆనవాలు.

గొట్టం మార్చటంతో పని ముగియదు. షెడ్డులో మెకానిక్కు ముందు చక్రాలు నేలకు తగలకుండ ఎత్తి, స్టీరింగును ఈ కొసనుంచి ఆ కొసకు మెల్లగా పదేపదే త్రిప్పుతాడు, తగ్గిన నూనె పోస్తూ, బుడగలు రావటం ఆగేవరకు.